మూడు పూచీలు, కారే కప్పు

ఎలీ అనే ఊరి చివర గ్యారేజీ వెనక కంకరలో ఆగి ఉన్న పెద్ద మోటారు బండే ఇప్పుడు నెడ్రాకూ, ఆమె భర్త గేలెన్‌కూ ఇల్లు. ఆ ఉదయం నెడ్రా గుడ్లు వేయిస్తుంటే కప్పు నుంచి వాన నీళ్ళు పెనంలో పడి చిటపటలాడాయి.

నెబ్రాస్కాలో ఉన్న ఇల్లు అమ్మి కొన్న బండి అది. రిటైరయ్యాక దేశమంతా తిరగాలన్నది గేలెన్ కోరిక. ఆమె భయపడితే అతను ధైర్యం చెప్పాడు. గుద్దుకుంటే ఇన్సూరెన్సు ఉంది, దారిలో ఆగితే లాక్కెళ్ళేవాళ్ళున్నారు, పాడైతే ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది, నువ్వు నిశ్చింతగా పడుకో అన్నాడు.

కొండ దారిలో ఇంజను ఆగిపోయింది. లాక్కెళ్ళేవాళ్ళు ఈ గ్యారేజీ దాకా తెచ్చి వదిలేశారు. వాళ్ళ పని అంతవరకే. దేన్నీ గుద్దుకోలేదు గనక ఇన్సూరెన్సు వాళ్ళు తమకు పట్టదన్నారు. ఇక మిగిలింది వారంటీ ఒక్కటే.

కాఫీ చల్లారకముందే వారంటీ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నీళ్ళు కారి వైర్లు కాలాయని, కప్పు కారుతున్న సంగతి కొనేటప్పుడే అమ్మినవాళ్ళు మీ ఆయనకు చెప్పారని, ముందే ఉన్న లోపానికి వారంటీ వర్తించదని అవతలి మనిషి మర్యాదగానే చెప్పింది.

నెడ్రా భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

గేలెన్ తల వంచుకున్నాడు. "చెబితే నువ్వు బయల్దేరేదానివి కాదు."

"నా ఇల్లమ్మించి నన్ను చిల్లుల డబ్బాలో పెట్టావా? మూడు గొడుగులు చూపించి నడివానలో నిలబెట్టావు!"

ఆమె విసిరిన కాఫీ కప్పు అతని చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు తగిలి పగిలింది. ఆమె కిందికి దిగి, టైర్లు విప్పే ఇనుప రాడ్డు తీసి ముందు అద్దం మీద బాదింది. అద్దం సాలెగూడులా పగుళ్ళు బారింది. అరుస్తూ వచ్చిన గేలెన్ ఆమె భుజాలు పట్టి ఒక్క తోపు తోశాడు. ఆమె కంకరలో పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. లేచి రాడ్డు విసురుగా తిప్పింది. అతను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతని చేతి ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

గ్యారేజీ అతను ఇద్దర్నీ తన ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో గేలెన్ గొణిగాడు, మెట్ల మీంచి పడ్డానని చెబుతానని. అద్దానికి రాయి తగిలిందంటే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిస్తారని కూడా అన్నాడు.

నర్సు అడిగినప్పుడు అతను మెట్ల కథ మొదలుపెట్టాడు.

"పడలేదు," అంది నెడ్రా. "నేనే రాడ్డుతో కొట్టాను. అద్దమూ నేనే పగలగొట్టాను."

నర్సు పోలీసును పిలిచింది. వచ్చినవాడు కుర్రవాడు. ఫిర్యాదు చేస్తారా అని గేలెన్‌ను అడిగాడు.

"ముందు నేను ఆవిడను తోశానని రాయండి. అంతకన్నా ముందు అబద్ధమాడానని కూడా."

కుర్రవాడు బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. తనను అరెస్టు చేస్తారో లేదో నెడ్రాకు తెలియదు. గేలెన్ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఊడిన బూటు లేసు వైపు నిస్సహాయంగా చూశాడు.

"ఇది కాస్త కట్టవూ?"

ఆమె నేల మీద కూర్చుంది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి బిగించి, అతని మోకాలికి నుదురు ఆనించి ఏడ్చింది. అతను బాగున్న చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.