మూడో అంతస్తులో తలుపు చప్పుడు

టైర్ల దుకాణానికీ అచ్చాఫీసుకీ మధ్య ఇరుక్కున్న ఆ చిన్న సర్కారు బడిలో, మూడో అంతస్తు చివరనున్న మరుగుదొడ్డికి చెడ్డపేరు. ఎప్పుడో ఒక పిల్ల అందులో చచ్చిపోయిందని, లోపలికి వెళ్లినవాళ్లని బయటికి రానివ్వదని — ఆరో తరగతిలో చేరిన మొదటి వారంలోనే అందరికీ తెలిసిపోయేది.

అక్కడ ఆయాగా చేసే మా పిన్ని చెప్పగా విన్నది ఇది.

పిల్లలకి కింద రెండు దొడ్లున్నాయి. వాటి గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. తలుపులకి గడియల్లేవు. కుళాయిలో నీళ్లు లేవు. గుమ్మం దాటితే చెప్పు నేలకి అంటుకుంటుంది. ఈగల మోత బయటికి వినబడుతుంది. ఆడపిల్లలు పొద్దున గుక్కెడు నీళ్లైనా తాగకుండా వచ్చి, సాయంత్రం దాకా ఉగ్గబట్టుకునేవారు.

పైనున్నది మాత్రం అద్దంలా ఉండేది. దాన్ని టీచర్లు వాడుకునేవారు. దెయ్యం పెద్దవాళ్ల జోలికి రాదట. మర్యాద తెలిసిన దెయ్యం.

ఒక చలికాలం రాత్రి ఎనిమిదింటికి పిన్ని ఇంటి తలుపు ఎవరో బాదారు. ఇస్త్రీ బండి ఆవిడ. ఏడో తరగతి చదివే కూతురు ఇంకా ఇంటికి రాలేదు. తెలిసిన ఇళ్లన్నీ తిరిగింది. బడి దగ్గర వాచ్‌మన్ని అడిగితే లోపలెవరూ లేరు పొమ్మన్నాడు — కానీ అతని మాట తడబడిందట.

ఇద్దరూ వెళ్లేసరికి వాచ్‌మన్ గేటు బయట, చలిలో, స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"లోపలికి వెళ్లకు వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "అది ఇవాళ లేచింది. సాయంత్రం నుంచి తలుపు కొడుతోంది."

పిన్ని అతని చేతిలోని టార్చి లాక్కుంది. అతనూ వెనకే బయల్దేరాడు.

కరెంటు మెయిను ఆరింటికే ఆపేస్తారు. చీకట్లో మెట్లు. మొదటి అంతస్తు... ఏమీ లేదు. రెండో అంతస్తు...

టప్.

కాసేపాగి మళ్లీ — టప్. చేత్తో కొట్టినట్టు లేదు. ఏదో బరువుగా తలుపుకి తగిలినట్టుంది. వెనకే వస్తున్న వాచ్‌మన్ రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. తల్లి పిన్ని కొంగు పట్టుకుంది.

వరండా చివర తలుపు. బయటి గడియ వేసే ఉంది. లోపల్నుంచి మళ్లీ... టప్.

పిన్ని గడియ తీసింది.

ఆ పిల్ల తలుపు పక్కనే నేల మీద కూర్చుని ఉంది. చేతులు వాచిపోతే, మడమతో తంతోంది. అరిచి అరిచి గొంతు పోయింది. గౌను మీద మరక. ఆ రోజే మొదటిసారి అయిందట. కింది దొడ్లోకి వెళ్లలేక, దెయ్యం తింటే తిననీ అని ఇందులోకి వచ్చిందట.

నాలుగున్నరకి రోజూలాగే గడియ వేసింది పిన్నే. లోపల చూడలేదు. ఆ గదిలోకి పిల్లలెవరొస్తారు అనుకుంది.

"అందరూ విన్నారు ఆయమ్మా," అంది ఆ పిల్ల, గాలి తప్ప గొంతు లేకుండా. "నేను కొట్టినప్పుడల్లా... పరిగెత్తి పోయారు."

సాయంత్రం ప్రత్యేక తరగతికి ఆగిన ఎనిమిదో తరగతి పిల్లలు భయంతో పారిపోయారు. లెక్కల మేస్టారూ విన్నాడు. ఎవరో ఆకతాయిలనుకున్నాడట. మెట్లెక్కే ఓపిక లేదట.

ఇంతకీ ఆ దెయ్యం సంగతి ఎక్కడ పుట్టిందని పిన్నిని అడిగాను. తల దించుకుంది. పదేళ్ల కిందట పెద్ద టీచరమ్మ చెప్పమంటే, పిల్లలకి మొదట చెప్పింది తనే. ఆ గదిలో ఎవరూ చావలేదు. కడిగే పని తగ్గుతుందని తానూ సంతోషించింది.



మర్నాడు ఆ టీచరమ్మ మళ్లీ పిలిచిందట. "ఆ పిల్లని దెయ్యం పట్టిందనే చెప్పు. ఇంకో పదేళ్లు మనకి బెంగుండదు," అందట.

"చెప్పావా?" అన్నాను.



"పిల్ల రోజూ బడికొస్తోందిరా," అంది పిన్ని. "కానీ బెంచీలో దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. అది నడిచొస్తుంటే... వరండా ఖాళీ అయిపోతోంది."