గాలి పోయే దారి

ఊరందరి కప్పులూ బాగుచేసే మేస్త్రి ఇంటికే కప్పు కారడం చెప్పుకుంటే సిగ్గుచేటు. రేపు చేద్దాం, మాపు చేద్దాం అంటూ రెండు వానాకాలాలు నెట్టుకొచ్చాడు. ఈలోగా పై గది గోడలకు చెమ్మ పట్టింది. ఆ గదిలో పడుకునే కూతురికి దగ్గు పట్టుకుంది. బక్కపలచటి పిల్ల, అందరూ పిచ్చుక అనేవాళ్లు. అది దగ్గినప్పుడల్లా మేస్త్రి లేచి వెళ్లి వీపు నిమిరేవాడు. చివరికి డాక్టరు మొహం మీదే అనేశాడు, "మందులు నేనిస్తాను, ముందు ఆ కప్పు సంగతి చూడు" అని. ఇంకో వాన ఆ గదిలో కురిస్తే పిల్ల దక్కదేమోనని మేస్త్రికి అప్పుడు నిజంగా భయం పుట్టింది.

మబ్బు పట్టిన ఒక పొద్దున బావమరిదిని వెంటేసుకుని పైకెక్కాడు. పాత తారు షీటు పీకేసి, కొత్త రబ్బరు షీటు అతికించాలి. తారు పొరలుపొరలుగా లేచి ఉంది. పార దూర్చి ఎత్తితే కింద నల్లటి నీళ్లు, కుళ్లిన ఆకుల వాసన.

"ఇది కప్పా, చెరువా బావా? చేపలైనా పెంచుకోవాల్సింది" అన్నాడు బావమరిది.

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

సాయంత్రానికి ఒక్క మూల మిగిలింది. సరిగ్గా పిచ్చుక మంచానికి పైన ఉండే మూల. అక్కడ తారు షీటు ఉడుంపట్టు పట్టినట్టు అంటుకుని ఉంది. చుట్టూ అంతా తడి, అదొక్కటే పొడి. మధ్యలో చిన్న చీలిక. మేస్త్రి దాని మీద చెయ్యి పెట్టాడు. వెచ్చటి గాలి అరచేతికి తగిలింది, ఆగింది, మళ్లీ తగిలింది.

"ఎండకి కాగింది" అన్నాడు. ఆ రోజు ఎండే లేదు.

"పైన ఎవరో తడతారు నాన్నా, నేనూ తిరిగి తడితే ఊరుకుంటారు" అని పిచ్చుక చాలాసార్లు చెప్పింది. తారు షీటు ఎక్కడో చిరిగి, అంచులు గాలికి కొట్టుకుంటున్నాయని మేస్త్రి సర్దిచెప్పేవాడు. ఇప్పుడు చూస్తే, ఈ చీలిక అంచులు రాయిలా బిగుసుకుని ఉన్నాయి.

అంతలో ఉరిమింది.

"దీన్నీ పీకేద్దాం బావా. పాతదాని మీద కొత్తది వెయ్యకూడదని నాకు నేర్పింది నువ్వేగా."

"వాన నెత్తిమీదుంది. గట్టిగానే ఉంది, ఉండనీ."

గబగబా జిగురు పూసి షీటు పరిచారు. పద్ధతి ప్రకారమైతే ముందు రోలరుతో నడుమ నుంచి అంచుల దాకా నొక్కుకుంటూ వెళ్లి, లోపలి గాలినంతా బయటికి తోలాలి. ఆ తర్వాతే అంచుల మీద ఇనుప పట్టీలు బిగించాలి. గాలి జోరుకి షీటు లేచిపోతుందేమోనని మేస్త్రి ముందే నాలుగు వైపులా పట్టీలు బిగించేశాడు. ఇన్నేళ్ల పనిలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ఆఖరి స్క్రూ బిగుసుకోగానే ఆ మూల షీటు ఉబ్బింది. బోర్లించిన గిన్నెంత బుడగ.

మేస్త్రి రోలరు పెట్టి తోశాడు. బుడగ జరిగింది. అంచు దాకా వెళ్లి, పట్టీకి తగిలి ఆగింది. అతను రోలరు తీసేశాడు. బుడగ మాత్రం ఆగలేదు... పట్టీ వెంబడే మెల్లగా పాకింది. ఒక వైపు అయ్యాక రెండో వైపు తిరిగింది. కరెంటు పోయినప్పుడు మనం గోడ తడుముకుంటూ తలుపు కోసం వెతుకుతామే, అలా.

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. జిగురు వాసన కిందనుంచి ఇంకేదో వాసన వచ్చింది. ఎవరో మొహం మీదికి వంగి ఊపిరి వదిలినట్టు.

"బావా..." గొంతు తగ్గించి అన్నాడు బావమరిది. "చిన్న గాటు పెడదాం. దాని దారిన అది పోతుంది."

"కొత్త షీటుకి గాటా? నీళ్లు దిగుతాయి. కింద పిల్ల పడుకోవాలి."

"బావా, నా మాట విను... అది బయటికి పోవాలనుకుంటోంది."

మేస్త్రి వినలేదు. బుడగ మీద అరచెయ్యి వేసి నొక్కాడు. లోపలినుంచి ఏదో తట్టింది. మెత్తగా... వేలితో తట్టినట్టు.

మొదటి చినుకు మెడ మీద పడింది. అతనికి కూతురి దగ్గు గుర్తొచ్చింది. పళ్లు బిగబట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒంటి బరువంతా రోలరు మీద వేసి తోశాడు. బుడగ మొదలైన మూలకే వచ్చి ఆగింది. కాసేపు వణికింది. తర్వాత మెల్లగా... కిందికి దిగిపోయింది. షీటు పలకలా చదునైంది.

"ఎటు పోయింది?" అన్నాడు బావమరిది.

"పోయిందిగా. చాలు."

బావమరిది సామాను కూడా సర్దకుండా, అక్కతో ఒక్క మాటైనా చెప్పకుండా, వానలోనే వెళ్లిపోయాడు.

కింద వాన హోరు వినిపిస్తోంది గానీ గదిలో ఒక్క చుక్క పడలేదు. మేస్త్రి భార్య పైకప్పు చూసి మురిసిపోయింది. "ఇంతకాలానికి మన ఇంటికీ మేస్త్రి దొరికాడండీ" అంది. "ఇంకోటి చూశారా? ఇందాకటి నుంచి పిల్ల ఒక్కసారీ దగ్గలేదు."

నిజమే. పిచ్చుక బోర్లా పడుకుని హాయిగా ఊపిరి పీలుస్తోంది. మేస్త్రికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇందాక కప్పు మీద భయపడ్డదంతా తలచుకుని తనకే నవ్వొచ్చింది. మంచం అంచున కూర్చుని, అలవాటుగా కూతురి వీపు మీద చెయ్యి వేశాడు.

"పైన ఇప్పుడెవరూ లేరు నాన్నా" అంది పిచ్చుక, కళ్లు తెరవకుండానే.

"ఎప్పుడూ లేరమ్మా. పడుకో."

మెడ నుంచి కిందికి నిమురుతుంటే, చొక్కా కింద, చర్మం కింద, వెచ్చగా ఏదో తగిలింది. చెయ్యి ఆపాడు. అది జరిగింది. భుజం దాకా వెళ్లి, ఎముక అంచు వెంబడే మెల్లగా పాకి, తిరిగి అతని అరచేతి కిందికే వచ్చి ఆగింది.

పిచ్చుక నిద్రమత్తులో నవ్వి, మంచం పట్టెని వేలితో తట్టింది.

జవాబు అతని అరచేతికి తగిలింది.