యక్షిణి కమండలం

ఇంద్రగిరి రాజ్యానికి సువర్ణధార నదే ఆధారం. ఆ నది ఒకనాడు ఉన్నట్టుండి పారడం మానేసింది. మూడేళ్ళు గడిచినా నీరు రాలేదు. పొలాలు బీటలు వారాయి. సంతానం లేని రాజు విజయకేతుడు, నదిని తిరిగి తెచ్చినవారికే తన తర్వాత సింహాసనమని చాటింపు వేయించాడు.

నగరం వెలుపల రాజగురువు విమలబోధుడి ఆశ్రమం ఉండేది. అంత కరువులోనూ అక్కడి పూలతోట పచ్చగా ఉంటే, అదంతా ఆయన తపశ్శక్తి అని జనం మొక్కేవారు. "దాహమన్నవాడు శత్రువైనా నీళ్ళివ్వండి. ప్రాణం పోయినా అబద్ధమాడకండి" అని ఆయన రోజూ బోధించేవాడు. బుట్టలల్లే నీలమ్మ కూతురు మైలమ ఆ మాటలు వినిగాని పనికి కూర్చునేది కాదు.

నీళ్ళు చాలక నీలమ్మ మంచం పట్టింది. మైలమ ఇక ఆగలేకపోయింది. నది పుట్టిన నల్లకొండలకు వెళతానని గురువు పాదాలకు మొక్కింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, "శుభమస్తు" అన్నాడు.

మూడోనాడు అడవిలో ఒక అగాధం అడ్డొచ్చింది. దాని అంచున ఎనిమిది కాళ్ళ శరభం ఒకటి నాలుక బయటపెట్టి పడి ఉంది.

"నీ భుజాన ఉన్న తోలుతిత్తిలో నీళ్ళు నాకు పొయ్. లేవగలిగితే నిన్ను తినేస్తానేమో, తిననని మాట ఇవ్వలేను" అందది.

మైలమ దగ్గర మిగిలినవి నాలుగు గుక్కలు. గురువు మాట తలచుకుని తిత్తి మొత్తం దాని నోట్లో వంపేసింది. శరభం లేచి, ఆమెను వాసన చూసి, "ఎక్కు" అంది. ఒక్క దూకుతో అగాధం దాటించింది.

అవతల కొండగుహ ముందు గండశిలుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

"పిల్లా, నన్ను చూస్తే భయమేస్తోందా?"

"వేస్తోంది. కాళ్ళు వణుకుతున్నాయి, కనపడట్లేదా?" అంది మైలమ.

రాక్షసుడు పగలబడి నవ్వాడు. "వచ్చిన ప్రతి వీరుడూ భయం లేదనే అన్నాడు. అబద్ధమాడినవాణ్ణే నేను తినగలను. పో, లోపలికి పో!"

గుహ చివర ఎండిన కొలను గట్టున ఒక యక్షిణి ఉంది. మైలమ చేతులు జోడించి నదిని విడిచిపెట్టమని వేడుకుంది.

"నేను పట్టుకుంటేగా విడిచిపెట్టడానికి?" అంది యక్షిణి. "మూడేళ్ళ క్రితం ఒక సన్యాసి ఆకాశమార్గాన వచ్చాడు. దాహమంటే నా కమండలంతో నీళ్ళిచ్చాను. అందులో నీరు తరగదు, అదే నది పుట్టుక. పూజకు కావాలి, మర్నాడే తెచ్చిస్తానని పట్టుకుపోయాడు. నేను ఈ గుహ దాటలేను. అతడే నిజం ఒప్పుకుని దాన్ని నేలమీద బోర్లిస్తే నది పారుతుంది."

"ఆయన పేరేమిటమ్మా?"

"విమలబోధుడన్నాడు."

మైలమకు గురువు దీవెన గుర్తొచ్చింది. తెలిసే తనను దీవించి పంపాడా? యక్షిణి ఆమెను గాలిలో ఎత్తి ఆశ్రమం ముందు దింపింది.

మైలమ వెతికితే పూజగదిలో పట్టుగుడ్డ కింద కమండలం దొరికింది. వెనకే వచ్చిన గురువు తలుపు మూశాడు.

"అమ్మాయీ, ఇది బయటపడితే జనానికి దేవుడి మీదే నమ్మకం పోతుంది. మీ అమ్మకు రోజూ కడివెడు నీళ్ళు పంపిస్తాను. ఊరుకో."

తల్లి ఎండిన పెదవులు కళ్ళముందు కదిలాయి.

"పోతే మీ మీద పోతుంది స్వామీ, దేవుడి మీద ఎందుకు పోతుంది?" అంది మైలమ. కమండలంతో తలుపు తోసుకుని బయటికొచ్చి, అక్కడి జనానికి ఉన్నదంతా చెప్పింది.

ఎవరూ నమ్మలేదు. ఒక ముసలమ్మ గులకరాయి కూడా విసిరింది. గొడవ విని రాజు వచ్చాడు. నీలమ్మను మంచంతో సహా మోసుకొచ్చారు.

"సామీ, నా బిడ్డ అబద్ధం చెప్పదు. మీరూ చెప్పరు. మరి ఇదేంటి సామీ?" అంది నీలమ్మ నీరసంగా.

"మొదట మర్నాడే ఇచ్చేద్దామనే అనుకున్నాను" అన్నాడు విమలబోధుడు. "తోట చూసి జనం మొక్కుతుంటే ఇవ్వబుద్ధి కాలేదు. తప్పు నాదే." మైలమ చేతిలోని కమండలం తీసుకుని నేలమీద బోర్లించాడు. సాయంత్రానికి సువర్ణధార గట్లు ఒరుసుకుని పారింది. నీలమ్మ వారంలో లేచి తిరిగింది.

విజయకేతుడు మైలమకు యువరాణిగా పట్టాభిషేకం చేశాడు. ఆనాడు రాజగురువు పాదాలకు మొక్కడం ఆచారం. దేశం విడిచిపోవడానికి మూట కట్టుకున్న విమలబోధుడు ఒక మూల నిలబడ్డాడు. మైలమ ఎదురుగా వెళ్ళి, పెద్దవాడని చేతులు మాత్రం జోడించింది.

"మీరు చెప్పిన మాటలే నన్ను కొండలు దాటించాయి స్వామీ. వాటిని వదలను. మీ పాదాలకు మాత్రం ఇక మొక్కలేను."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా మైలమ ద్వారం దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంది. తర్వాత లోపలికి వచ్చి, రాజు పక్కన కూర్చుని, ముందుగా ఏ ఊరికి కాలువ తవ్వించాలో చెప్పమని రైతులను పిలిచింది.