వాసన లేని ఇల్లు

“మీ అక్కకి ఫోన్ చేశానురా. మధ్యాహ్నానికల్లా వచ్చి తీసుకెళ్తానంది. ఇక అక్కడే ఉంటాను.”

ఆదివారం పొద్దున టీ తాగుతూ అత్తగారు కొడుకుతో అన్న మాట అది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. కప్పు బల్లమీద పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, గోడవారగా నడుచుకుంటూ తన గదిలోకి వెళ్లిపోయింది. కొడుకు భార్య వంక చూశాడు. ఆమె సింకు దగ్గర నిలబడి, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

ఆమెని ఆ ఇంట్లో అందరూ పచ్చమ్మ అంటారు. పచ్చదనం పిచ్చి పట్టిందని పెద్ద ఆడపడుచు పెట్టిన పేరది. వెటకారంగా పెట్టిందే అయినా, వినగా వినగా ఆమెకే అలవాటైపోయింది. పచ్చమ్మ ప్లాస్టిక్ సంచులూ, తినుబండారాల రేపర్లూ తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె కళ్లముందు చుట్టలు చుట్టలుగా ప్లాస్టిక్ కాగితం మిషన్లోంచి పారుతూనే ఉంటుంది. ఒక్కసారి చింపి పారేయడానికి పుట్టే వస్తువు అది. ఫ్యాక్టరీ వెనక కాలవలో నీళ్లు కనపడవు, రంగురంగుల ముక్కలే కనపడతాయి. పొట్టకూటి కోసం ఆ పని మానలేదు. కనీసం తన ఇంట్లోకి ఆ చెత్త రానివ్వకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

అలా మొదలైంది. ముందు సబ్బులు మారాయి. ఘాటైన సువాసనలన్నీ రసాయనాలేనని తెలుసుకుని, వాసనా రంగూ లేనివి కొనడం మొదలుపెట్టింది. గిన్నెలు తోమే ద్రవం, బట్టలుతికే ద్రవం, నూనె, అన్నీ వీధి చివర కొత్తగా పెట్టిన కొట్లో, సీసాలు పట్టుకెళ్లి నింపించుకొచ్చేది. సీసాలన్నీ ఒకే రకం గాజువి, చూడముచ్చటగా ఉండేవి. ఆ తర్వాత కరెంటు మారింది. గాలిమరల నుంచీ ఎండ నుంచీ తయారైన కరెంటే ఇస్తామన్న కంపెనీకి మారిపోయింది.

“తీగలో వచ్చేది గాలి కరెంటో బొగ్గు కరెంటో నీకెలా తెలుస్తుంది? మొహం చూసి చెప్తావా?” అని నవ్వాడు భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. కరెంటు సంగతులు తన సొత్తు అనుకుంటాడు.

“తీగలో అన్నీ కలిసే వస్తాయి. మనం వాడినంత కరెంటు వాళ్లు గాలి నుంచో ఎండ నుంచో కొని అందులో కలుపుతారు. నాకది చాలు,” అంది పచ్చమ్మ.

“గాలి వీచని రోజు చీకట్లోనా ఏమిటే అమ్మాయ్?” అని అత్తగారు కూడా నవ్వింది అప్పట్లో. ఆమె ముప్పై ఏళ్ల కిందట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. మాటకి మాట ఠక్కున అతికించడం అప్పటి విద్యే.

చివరికి గ్యాసు పొయ్యి పోయింది. దాని స్థానంలో నల్లటి అద్దంలాంటి కరెంటు పొయ్యి వచ్చింది. మంట లేదు, బుసబుస లేదు, మీట లేదు. వేలితో తాకితే చాలు. పచ్చమ్మకి ఆ రోజు పండగే. అత్తగారు మాత్రం పొయ్యి ముందు చాలాసేపు నిలబడి, “బాగుందమ్మా,” అని ఊరుకుంది. ఆ తర్వాత్తర్వాత ఆవిడ వంట తగ్గించేసింది. చేసినా ఒకరోజు మాడేది, ఒకరోజు ఉడికేది కాదు. అదివరకు ఆవిడ చేతి వంటకి వంక పెట్టినవాళ్లు లేరు. “నా పొయ్యి మీద కోపం,” అనుకుంది పచ్చమ్మ. మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ పైకి అనలేదు.

నిన్న ఆ ముల్లు బయటపడింది. పచ్చమ్మని ఫ్యాక్టరీలో సెక్షన్ ఇన్‌ఛార్జిని చేసిన మేనేజరుగారూ, ఆయన భార్యా భోజనానికొచ్చారు. కూరగాయల సూప్ తను చేస్తానని అత్తగారే ముందుకొచ్చింది. బల్లమీద పెట్టిన గిన్నె మూత తీయగానే బుస్సున నురగ పొంగింది. మేనేజరు భార్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మొహం అదోలా పెట్టి, నీళ్ల గ్లాసు అందుకుంది. నూనెకి బదులు గిన్నెలు తోమే ద్రవం పోసింది అత్తగారు.

అతిథులు మర్యాదగానే వెళ్లారు. వాళ్లు గుమ్మం దాటాక పచ్చమ్మ ఆగలేకపోయింది. “నేను కొన్న వస్తువులంటే మీకు ఇంత కసా అత్తయ్యా? కోపముంటే నన్ను తిట్టాల్సింది. నలుగురిలో నా పరువు తీయాలా?” అంది. “పొరపాటైందమ్మా,” అని మాత్రం అంది అత్తగారు. ఆ శాంతమే పచ్చమ్మకి ఇంకా మంట పుట్టించింది...

“పెద్దావిడ. నువ్వే వెళ్లి ఒక మాట చెప్పు. ఏం పోయింది?” అన్నాడు భర్త ఇప్పుడు, పేపరు మడిచి.

పోయేదేమీ లేదు, అభిమానం తప్ప. చేతులు తుడుచుకుని పచ్చమ్మ అత్తగారి గది గుమ్మం దగ్గరికెళ్లింది. తలుపు తీసే ఉంది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. చుట్టూ ఉతికిన బట్టల కుప్ప. పచ్చమ్మ లోపలికి ఒక అడుగేసి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది.

అత్తగారు ఒక స్వెట్టర్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంకొకటి తీసి చూసింది. రెండింటినీ ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో గుండీలు తడిమింది. కాసేపాలోచించి ఒకటి మడిచి పెట్టెలో పెట్టింది. అది పచ్చమ్మ స్వెట్టర్. ఎర్రది. అత్తగారిది బూడిద రంగు.

పచ్చమ్మ చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కాస్త పక్కగా నిలబడి ఉంది. అత్తగారు తల ఎత్తింది, కిటికీ వెలుతురు వైపు చూసింది, మళ్లీ బట్టల్లోకి వంగింది. కోడలు అక్కడున్నట్టే తెలియలేదావిడకి.

“అత్తయ్యా...”

ఆవిడ ఉలిక్కిపడి స్వెట్టర్ గుండెకి హత్తుకుంది. “ఎప్పుడొచ్చావే?”

పచ్చమ్మ మంచం పక్కన కూలబడింది. “మీకు కళ్లు కనపడటం లేదా?”

ఆవిడ స్వెట్టర్ని ఒళ్లో పెట్టుకుని మడిచింది. తర్వాత ఆవిడ మామూలుగా, ఎవరి కథో చెప్తున్నట్టు చెప్పింది. నీటికాసులట, అదే గ్లాకోమా. పక్కచూపు ఎప్పుడో పోయింది. నడిమధ్య కాస్త మిగిలింది, అదీ మసక, రంగులు కూడా సరిగ్గా తెలియవు. పక్కింటావిడతో కలిసి ఆస్పత్రికెళ్లి చూపించుకుంది. పోయింది తిరిగిరాదన్నారు. ఉన్నది నిలబడటానికి చుక్కల మందు ఇచ్చారు.

“సీసా నిమ్మకాయ వాసనేస్తే గిన్నెలది. మల్లె వాసనేస్తే బట్టలది. నా బట్టలు వేరే సబ్బుతో ఉతుక్కునేదాన్ని, గుర్తుకోసం. పొయ్యి చప్పుడు వింటే మంటెంతుందో తెలిసేది. ఆ గుర్తులు పట్టుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చానమ్మా. ఇప్పుడు ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు.”

ఒక్కొక్కటీ తను ఎంత ఇష్టంగా ఏరి తెచ్చిందో తలచుకుంది పచ్చమ్మ. విషం పోతోందనుకుంటూ, ఆవిడ పట్టుకుని నడిచే గోడలన్నీ ఒకటొకటిగా పీకేసింది తను.

“ఒక్క మాట చెప్పి ఉంటే...” అంది, కళ్లు తుడుచుకుంటూ.

“నాకీ సంగతి తెలిసిన నెలలోనే నిన్ను ఇన్‌ఛార్జిని చేశారు. చెప్తే ఉద్యోగం మానేసి నా పక్కన కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా? మా అత్తగారు మంచాన పడితే నేను ఎక్స్ఛేంజీ మానేశాను. ఆవిడ రెండేళ్లకి పోయింది. నా ఉద్యోగం మాత్రం మళ్లీ రాలేదు. చెవిలో ఆ ఫోను గంటలు చాలాకాలం మోగేవమ్మా. నీకా గతి వద్దు.”

బయట కారు ఆగిన చప్పుడైంది. అత్తగారు కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది. “మీ వదినకి చెప్పకు. చెప్పావంటే తీసుకెళ్లి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు కూడా అదే తాగిస్తుంది. ఎలాగూ వెళ్తున్నాను. మెల్లిగా నేనే చెప్పుకుంటాను.”

పెద్ద ఆడపడుచు గాలివానలా లోపలికొచ్చింది. నగల కొట్లో లెక్కలు చూసే మనిషి, మాటల్లోనూ చిల్లర మిగల్చదు. “ఏం పచ్చమ్మా, భూమిని ఉద్ధరించావు, సంతోషం. ఇంట్లో ముసలిమనిషిని ఉంచుకోవడం చేతకాలేదా? వేడి మంట మీద ఇంత వండుకునే భాగ్యం కూడా లేకుండా చేశావు మా అమ్మకి. మీ చెట్లకీ చేమలకీ ఉన్న విలువ మనిషికి లేదు నీ దగ్గర.”

“తప్పు నాదే వదినా,” అంది పచ్చమ్మ. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. భర్త ఆశ్చర్యంగా చూశాడు. మాట పడి ఊరుకునే మనిషి కాదామె.

“నీదే. తెలుస్తోందిగా. తల్లి లాంటి మనిషి చేతిలో చెంచా లాక్కుంటే...”

“ఆపవే,” అంది అత్తగారు. గుమ్మంలో నిలబడి, గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. “దాన్నేమీ అనకు. అది నోరు తెరిస్తే నిమిషంలో గెలుస్తుంది. నేను వద్దన్నానని నీచేత మాటలు పడుతోంది. నాకు చూపు పోతోందే పిల్లా. సూప్‌లో సబ్బు పోసింది కసితో కాదు, కనపడక.”

కొడుకు లేచి, తల్లి దగ్గరికొచ్చి, ఏం చేయాలో తెలియక ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. కూతురు సోఫాలో కూర్చుని పైటచెంగులాంటి తన స్కార్ఫుతో మొహం కప్పుకుంది. మొహం తుడుచుకుని, “అయితే మరీను, నాతోనే రావాలి. ఇక్కడ ఒక్కదానివీ...” అంది.

“రాను,” అంది అత్తగారు. “అక్కడ కొత్త గోడలు నేర్చుకోవాలి. ఇక్కడైతే పాతవే, కాస్త మారాయి. నేర్పే మనిషి ఉంది.”

పెద్ద ఆడపడుచు భోజనం చేసి వెళ్లింది. వెళ్తూ మరదలి దగ్గర ఆగింది. ఆమె చెంప నిమిరి మెట్లు దిగింది.

మర్నాడే పచ్చమ్మ గ్యాసు మళ్లీ పెట్టిస్తానంది. అత్తగారు ఒప్పుకోలేదు. “నువ్వు చేసింది మంచి పనే. మంచి చేసే ముందు ఇంట్లోవాళ్లని ఒక మాట అడగాలి, అంతే.” ఇద్దరూ కలిసి వీధి చివరి కొట్టుకెళ్లారు. నూనెకి పొట్టి సీసా, గిన్నెల ద్రవానికి మెడ పొడుగుది, బట్టలదానికి నాలుగు పలకలది అత్తగారే చేత్తో తడిమి ఎంచుకుంది. కొట్టతనికి ఆవిడ అడిగే ప్రశ్నలకి చెమటలు పట్టాయి. ఇది దేనితో చేశారు, ఎక్కడ చేశారు, మా కోడలు నమ్మింది గానీ నేను నమ్మాలిగా, అంటూ. పొయ్యి అద్దం మీద తాకాల్సిన చోట్ల భర్త గట్టిపడే జిగురుతో చిన్న చిన్న బొడిపెలు పెట్టాడు. తాకిన ప్రతిసారీ పొయ్యి కూస్తుంది: మొదటి కూతకి వెలుగుతుంది, రెండోదానికి వేడి ఎక్కుతుంది.

నేర్చుకోవడం తేలికేం కాలేదు. రెండుసార్లు పాలు పొంగాయి. ఒకసారి చెయ్యి చురుక్కుమంది. ఒకరోజు ఆవిడ గరిట విసిరేసి, “ఈ అద్దం ముక్క నా ప్రాణానికొచ్చింది,” అని ఏడ్చింది కూడా. చుక్కల మందు వేసుకున్నా చూపు మెరుగవలేదు, అవదని అందరికీ తెలుసు. పచ్చమ్మ వారం రోజులు సెలవు పెట్టింది. ఎనిమిదో రోజు అత్తగారే ఆమె బ్యాగు తెచ్చి చేతిలో పెట్టింది.

పచ్చమ్మ తలుపు దగ్గరగా వేసి, నాలుగు మెట్లు దిగి ఆగింది. చెవులు రిక్కించి నిలబడింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. గిన్నె పెట్టిన చప్పుడు. పొయ్యి ఒకసారి కూసింది. కాసేపు ఏమీ లేదు... తర్వాత రెండోసారి కూసింది. నీళ్లు సన్నగా పాడటం మొదలుపెట్టాయి.

“ఇంకా మెట్ల మీదే ఉన్నావేమే?” అని లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది. “వెళ్లు, బస్సు పోతుంది.”