శాంతి గుణకం తొంభై ఏడు

పై మూత జరిగిందో లేదో జోషిత ముఖం పక్కకి తిప్పేసుకుంది. మాస్కు కట్టుకున్నా ఆ వాసన ఆగలేదు. ఎవరింటిదో మాడిన తాలింపు, అగరొత్తుల మసి, విరిగిన పాలు, అన్నీ కలిసి యంత్రం వేడికి ఉడికి, చల్లారి, మళ్ళీ ఉడికిన కంపు అది. ఆరు ఫ్యాన్ల రెక్కలకీ జిడ్డు. జిడ్డుకి వెంట్రుకలు. వెంట్రుకలకి బూజు. ఓ మూల పగిలిన బల్లి గుడ్లు, వాటి పక్కనే ఎండి అట్టకట్టిన బల్లి.

"ఛీ! మనుషులు తిరిగే ఇంట్లోంచే వచ్చిందా ఇది?" అంది పైకే.

ఏలూరులో తమ్మిలేరు వైపు కట్టిన ఆ అపార్ట్‌మెంట్లలో ప్రతి ఇంటికీ ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. వంటింటి పక్కన, ఒకప్పుడు వాషింగ్ మెషీన్ పెట్టుకునే చోట, ఇనప చట్రంలో పడుకుని ఉంటుంది. దాన్ని గృహమేధ అంటారు. తలుపులూ కిటికీలూ దీపాలూ పొయ్యీ నీళ్ళూ అన్నీ దాని చేతిలోనే. ఇంట్లోవాళ్ళ మాటలు, అడుగుల చప్పుడు, ఊపిరి వేగం వింటూ ఎవరికి ఎప్పుడేం కావాలో అదే కనిపెట్టి చూసుకుంటుంది.

ఇంటి మాట గడప దాటకూడదన్న చట్టం వచ్చాక, ఎక్కడో దూరాన ఊళ్ళకి ఊళ్ళంత ఉండే సర్వర్ గిడ్డంగులు మూతపడ్డాయి. వాటిలో అరలు అరలుగా పేర్చి ఉన్న బల్లపరుపు సర్వర్లు పాతసామాను కొట్లకి వచ్చి పడ్డాయి. వాటిని విప్పి, తుడిచి, కొత్త ర్యామ్ వేసి, ఇళ్ళకి పనికొచ్చేలా చేయడం, ఒకప్పుడు అప్పడాలు వత్తినట్టు, ఆడవాళ్ళు ఇంటిపట్టున చేసుకునే పనయింది. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి ఇంట్లో ఉండిపోయిన జోషిత ఆ పనిలో ఆరితేరింది. ఆమె చేతిలో పడ్డ పెట్టె తలంటు పోసుకున్నట్టుంటుందని పేరు.

ఫోను మోగి, గోడలోని స్పీకర్లోంచి యశ్వంత్ గొంతు వినిపించింది. పాత పెట్టెలు కొని, బాగుచేయించి, అమ్మే మనిషి.

"అక్కా, విప్పావా?"

"విప్పాను. లోపల బల్లి శవం ఉంది. పంచనామా కూడా నేనే రాయాలా?"

"శుభ్రం సంగతి నీకొకరు చెప్పాలా అక్కా! ఒక్కటే మాట. పైపైన తుడువు, లోపల కడగకు. అది పండిన మేధ. శాంతి గుణకం ఎంతో తెలుసా? తొంభై ఏడు! నా జన్మలో తొంభై దాటింది చూడలేదు."

కొత్త మేధ పచ్చిది. ఇంటి తీరు తెలియదు. ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో ఉంటే పండుతుంది. అమ్మేటప్పుడు ఆ ఇంటి మాటలన్నీ చట్టప్రకారం చెరిపేస్తారు కానీ అలవాట్లు అలాగే ఉంచుతారు. మంచి కాపురం చేసిన ఇంటి అలవాట్లు, పాలకి తోడు వేసినట్టు, కొత్త కాపురానికి పనికొస్తాయని జనం నమ్మకం. గొంతులు పెరగకుండా, తలుపులు దబాలుమనకుండా ఇల్లు ఎంతకాలం గడిచిందో మేధ తనంతట తానే లెక్కగట్టి నూటికి ఇంతని చెప్పేదే శాంతి గుణకం. పెళ్ళిసంబంధాల్లో ఇప్పుడు జాతకం తర్వాత అడిగేది అదే.

జోషితకి మాత్రం పండిన మేధ అంటే ఎంగిలి విస్తరి చూసినట్టే ఉంటుంది. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు తింటారా? తన ఇంటి మేధని ఏటా ఆమే అలవాట్లతో సహా కడిగి పచ్చిగా ఉంచుకుంటుంది. కానీ ఈ పెట్టె వేరే. భర్త లోహిత్ మేనకోడలు ధన్విత పెళ్ళి దగ్గరకొచ్చింది. మేనమామగా గృహమేధ తానే ఇస్తానని లోహిత్ మాటిచ్చాడు. తొంభై ఏడు అనగానే పెళ్ళివారి ముఖాలు దివిటీల్లా వెలిగాయట.

జోషిత పెట్టెని బాల్కనీలోకి మోసి బ్లోయర్ పెట్టింది. నల్లటి మేఘం ఒకటి లేచి తమ్మిలేరు వైపు పోయింది. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులు కట్టిన పేస్టు గోకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది రాసింది. అరిగిన ఫ్యాన్లు మార్చింది. పాత ర్యామ్ పీకేసి రెండింతలది గుచ్చింది. మీట నొక్కగానే ఫ్యాన్లన్నీ విమానం లేచినట్టు ఒక్క అరుపు అరిచి సర్దుకున్నాయి. ఇక మిగిలింది కాపురం పరీక్ష. బాగుచేసిన పెట్టెని వారం పాటు తన ఇంట్లో పెట్టి, ఇల్లు నడిపించి చూస్తే గాని జోషిత బయటికి పంపదు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో కాకరకాయలు తరుగుతోంది. హాల్లో టీవీ దానంతటదే ఆగిపోయింది. దీపాలు సగానికి తగ్గాయి. ఎవరో భుజం వెనక నించుని చెప్పినట్టు, గుసగుసగా మాట వచ్చింది.

"అమ్మా, మెట్లమీద ఆయన అడుగు. ఈపూట బరువుగా పడుతోంది. చాకు లోపల పెట్టేయండి."

తలుపు తెరుచుకుంది. చంకలో పెద్ద పుచ్చకాయతో లోహిత్ వగరుస్తూ నించున్నాడు. చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ఆఫీసులో ఉద్యోగం అతనిది. చేపల మీద కూడా గొంతెత్తే రకం కాదు.

సంగతి విని పొట్టపట్టుకుని నవ్వాడు. "నన్ను చూసి చాకు దాచమందా? మరి పుచ్చకాయ తలకేసి కొట్టుకుని పగలగొట్టాలా?"

జోషితా నవ్వింది. కానీ ఆ గుసగుస మెడ మీద తడిగా అంటుకున్నట్టే ఉండి, రెండుసార్లు తుడుచుకుంది.

మర్నాడు లోహిత్ స్నానం చేసొచ్చి, ఆమె ఆరబెట్టిన ర్యామ్ ముక్కల మీద తడి తువ్వాలు పడేశాడు.

"నీకెన్నిసార్లు చెప్పాలి? కళ్ళు నెత్తిమీద పెట్టుకు తిరుగుతావా?" అని అరిచింది జోషిత.

అంతే. ఇంట్లో కిటికీలన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. వంటింట్లో ఖాళీ మిక్సీ గిర్రున తిరగడం మొదలెట్టింది. పడకగది తలుపు గడియ పడిన చప్పుడు. ఆ రొదలోంచి మళ్ళీ అదే గుసగుస.

"పక్కింటికి వినపడదమ్మా. ఇప్పుడు ఏడవచ్చు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. మిక్సీ ఆగాక జోషిత నెమ్మదిగా అంది.

"తొంభై ఏడు ఎలా వచ్చిందో తెలిసిందా? ఆ ఇంట్లో ఎవరూ దెబ్బలాడుకోకపోవడం కాదు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు నోట్లో కొంగు కుక్కుకున్నారు. అదీ శాంతి."

"అంత దూరం ఎందుకు ఆలోచిస్తావు? ఏదో రిపేరు తేడా అయ్యుంటుంది."

"నా రిపేరులో తేడా లేదు. కడిగేస్తాను."

"జోషీ, పెళ్ళివాళ్ళకి చెప్పేశాం. పచ్చి పెట్టె తీసుకెళ్తే అక్క తలెక్కడ పెట్టుకుంటుంది? వారం పూర్తికానీ. నీ అలవాట్లు చూసి అదే మారుతుందేమో."

అది మారలేదు. లోహిత్ మారాడు.

మొదట ఆమె గమనించలేదు. అతను రాగానే ఇల్లు గప్‌చుప్‌ అయ్యేది. అతని కుర్చీ వైపు చల్లగాలి తిరిగేది. అతను పిలిచేలోపే మంచినీళ్ళు, పిలవకముందే కాఫీ. జోషిత ఏదైనా చెప్పబోతే పొయ్యి పొంగొచ్చినట్టు మోగి ఆమెని వంటింట్లోకి లాక్కుపోయేది. నాలుగు రోజులకే లోహిత్ కుర్చీలో కూర్చునే తీరు వేరయింది. కాళ్ళు చాపడం, వేళ్ళతో చేతిమీద దరువు, మాట మధ్యలో ఆపి ఎదుటివాళ్ళు అందుకోవాలన్నట్టు చూడడం.

ఆదివారం భోజనం దగ్గర "ఉప్పేదీ!" అన్నాడు. అన్నాడంటే, అరిచాడు. దీపాలు తగ్గాయి. కిటికీలు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఉప్పు గిన్నె తెచ్చి జోషిత బల్లమీద పెట్టింది. అతను తలెత్తకుండా కలుపుకుని, తృప్తిగా పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"మనింట్లో ఇంత ప్రశాంతంగా ఎప్పుడైనా ఉందా?" అన్నాడు నములుతూ.

ఆ తృప్తి చూసి జోషిత తన కంచం పక్కకి తోసేసింది. ఎవడో ముక్కూమొహం తెలియని మగాడు కొరికి వదిలేసిన ముద్ద తన మొగుడి నోట్లో తిరుగుతున్నట్టుంది.

"నువ్విప్పుడు అరిచావు. తెలుసా?"

"అరిచానా? మామూలుగా పిలిచాను."

"గుమ్మంలోకి పోయి నించుని, నువ్వన్న మాట నీకు నువ్వే ఓసారి అనుకుని చూడు."

లోహిత్ నమలడం ఆపాడు. ఆ మాట లోలోపలే ఓసారి అనుకుని చూశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "బాగానే అనిపించింది జోషీ. ఇల్లంతా నాకు భయపడుతుంటే, లోపల ఎక్కడో బాగానే అనిపించింది. అదే రోతగా ఉంది," అన్నాడు. "కడిగెయ్. అక్కకి నేను చెప్పుకుంటాను."

జోషిత పెట్టెని చట్రంలోంచి లాగి, అలవాట్ల వరకూ అన్నీ చెరిపేసింది. తెలిసి యశ్వంత్ లబోదిబోమన్నాడు.

"అక్కా, అక్కా! తేనెపట్టుని కిరసనాయిలు పోసి కడిగావు కదక్కా!"

"తేనె కాదురా అది. చీము. దాన్ని కొత్తపెళ్ళికూతురి ఇంట్లో పెడదామనుకున్నాం మనం. పెట్టెయ్ ఫోను."

రెండు రోజులు ఇల్లు తేటగా ఉంది. మూడోనాటి మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ముప్ఫై దాటిన ఆడమనిషి. ఇస్త్రీ చీర, బిగించి వేసిన జడ. చెప్పులు గుమ్మం బయటే, గోడవారగా, చప్పుడు కాకుండా విడిచింది.

"నా పేరు ఆద్యండీ. యశ్వంత్ గారిని బతిమాలితే మీ అడ్రసు ఇచ్చారు. ఆ పాత మేధ మాదే."

జోషిత చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. మాట కాదు, గొంతు. వంటింట్లో తన భుజం వెనక నించుని మాట్లాడింది ఈ గుసగుసే. పెట్టె గుసగుస నేర్చుకున్నది ఈ మనిషి దగ్గర.

"రండి, కూర్చోండి."

ఆద్య కూర్చోలేదు. చూపు తిన్నగా పెట్టె మీదికే పోయింది. దగ్గరికెళ్ళి అంచు తడిమింది.

"అద్దంలా తుడిచారండీ. మా ఇంట్లో దీన్ని విప్పడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు." ఒక్క క్షణం ఆగింది. "దీన్ని మార్పిడికిచ్చి కొత్తది తెచ్చారు. నాకు చెప్పలేదు. కొత్తది మీకిచ్చేస్తాను, ఇది నాకిచ్చేయండి. ఆయనకి తేడా తెలియదు, బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒక్కసారి ఆన్ చెయ్యరా? నా అడుగు గుర్తుపడుతుంది."

"కడిగేశానండీ," అంది జోషిత.

"మాటలేగా? అవి ఎలాగూ చెరిపేస్తారు. అలవాట్లు..."

"అవీ కడిగేశాను."

ఆద్య ఏడవలేదు. పెట్టె మీంచి చెయ్యి తీసి, వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"పోనీలెండి. మీకేం తెలుసు."

"మా మేనకోడలి పెళ్ళికి ఇద్దామనుకున్నదండీ. అలాంటి అలవాట్లతో..." జోషిత మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"అయ్యో, మంచిపని చేశారు. ఆ అమ్మాయికెందుకది?" అంది ఆద్య, నిజంగానే. "కొత్తది కూడా చెడ్డదేం కాదండీ. చాలా మర్యాద. ఆయన గుమ్మంలో ఉండగానే దీపాలన్నీ వేసి పాట పెడుతుంది. పాప ఏ గదిలో ఉందో, నేనేం చేస్తున్నానో ఆయన అడక్కుండానే చెప్పేస్తుంది. పాతది చెప్పేది కాదు. పాప గదికి లోపలినుంచి గడియ వేసేది. అందుకని వచ్చాను."

 ఆ పెట్టెలో జోషిత చూసి చీదరించుకున్నదంతా పుండు మీద కట్టిన పక్కు. దాన్ని గోటితో పీకి పారేసి, శుభ్రం చేశానని రెండు రోజులు హాయిగా నిద్రపోయింది.

"ఒక మాట అడగనా అండీ?" ఆద్య గొంతు ఇంకా తగ్గింది. "కొత్తది ఎన్నాళ్ళకి నేర్చుకుంటుంది?"

కొనేవాళ్ళంతా అడిగే ప్రశ్నే. జోషిత దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మీ ఇంట్లో ఏది ఎన్నిసార్లు జరిగితే అదంత తొందరగా పట్టుబడుతుందండీ, మీరు చెయ్యాల్సిందేం లేదు, మామూలుగా కాపురం చేసుకోవడమే, అని నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు ఆ మాట పైకి అనకుండా, చేతికందిన గుడ్డతో పెట్టె అంచు తుడిచింది.

ఆద్య ఆమె ముఖంలోనే చదువుకుంది.

"అయితే మళ్ళీ మొదటినుంచీ అన్నమాట," అంది. పాలు విరిగితే ఇంకో చెంబు పాలు కాచుకోవాలి అన్నంత మామూలుగా. "పాతది మొదట్లో చాలాకాలం ఏమీ పట్టించుకోలేదండీ. తప్పు నాదే. నోరు మూసుకుని పడుండేదాన్ని, దానికెలా తెలుస్తుంది? ఈసారి కొంచెం గట్టిగా అరుస్తాను. తొందరగా వచ్చేస్తుందేమో."

చీర సర్దుకుని, "బడి వదిలే వేళయింది. వస్తానండీ," అని గుమ్మం దాటింది.

జోషిత ఒక్క అంగలో ఆమెని దాటుకుని వెళ్ళింది. గోడవారగా ఉన్న చెప్పులకి దారిలో తొక్కిన బురద, పేడ అంటి ఉన్నాయి. వంగి, రెండు చెప్పులూ చేతుల్లోకి తీసుకుని గుండెలకి ఆనించి పట్టుకుంది.

"పాపది ఏ బడి?" అంది. "నువ్విక్కడే కూర్చో. నేను తీసుకొస్తాను."