సుంకం ఇంట్లో చప్పుడు

విస్తులా నది ఒడ్డున పాత సుంకం ఇల్లుందే, చీకటి పడ్డాక దాని పక్కనుంచి పోవడానికి మా ఊళ్ళో గుర్రాలు కూడా మొండికేసేవి. ఇక మనుషుల సంగతి చెప్పాలా? ఎంత తాగినవాడైనా అక్కడికి రాగానే మత్తు దిగిపోయి సిలువ గుర్తు వేసుకునేవాడు.

ఆ ఇంటి గోడవారనే కలరా శవాలని పూడ్చేవారు. పోయినవాళ్ళని పోయిన రోజే మట్టి చెయ్యాలని హుకుం. పాదిరీ ప్రార్థన కూడా సగంలోనే ముగించేవాడు. ఆ హడావుడిలో ఊపిరి పూర్తిగా ఆగిందో లేదో ఎవడు చూశాడు?

మా అమ్మ పోయేనాటికి మూడు వారాలుగా రాత్రిపూట అక్కడ చెక్క మీద కొడుతున్న చప్పుడు... శవపేటికల్లోంచి లేవలేక కొడుతున్నారని ఊరంతా గుసగుసలు.

ఇదంతా నాకు చెప్పింది నన్ను పెంచిన వెరోన్కా పిన్ని. బట్టలుతికి బతికేది. మామూలుగా గోరంతని కొండంత చేసే మనిషే. ఈ ఒక్క కథలో మాత్రం ఏనాడూ ఒక్క ముక్క మార్చలేదు.

ఒక సోమవారం సాయంత్రం, కలరాతో పోయిన మా అమ్మ టెక్లాని అక్కడే పూడ్చారు. నాకు ఎనిమిది నెలలు. ఊపిరి ఉందేమో అక్క నోటి దగ్గర అద్దం పెట్టి చూస్తానని పిన్ని అడిగితే, "అద్దాలకి టైం లేదు, జరుగు!" అని శవాల బండివాడు కసిరాడట. పిన్ని జరిగింది. ఆ జరగడమే ఆమెని నిద్రపోనివ్వలేదు. అక్కని బతికుండగానే పూడ్చామా? అది తేలకపోతే తనకి పిచ్చెక్కేలా ఉంది.

బుధవారం రాత్రి నన్ను పొరుగామె ఒళ్ళో పడేసి, లాంతరు పట్టుకుని బయలుదేరింది.

టక్... టక్ టక్... టక్.

అదే చప్పుడు — ఇంటి లోపలినుంచి.

"అక్కా... నువ్వేనా?"

చప్పుడు ఆగింది.

తలుపు తోసింది. కొవ్వొత్తి ముక్క. నల్ల ముసుగు. బల్ల మీద తెల్లటి చేతులు రెండు... పిన్ని కేక పెట్టబోయింది.

"అరవకు వెరోన్కా! నేను... హొనొరాతాని."

ఒల్షెవ్‌స్కీ వారి కోడలు. పిన్ని ఉతికేది ఆ ఇంటి బట్టలే. ఆమె భర్త పోయి నెల అయింది.

"అమ్మగారూ! ఈ దెయ్యాల కొంపలో ఏం చేస్తున్నారు తల్లీ?"

ఆమె ముందున్నది తీగలు లేని చిన్న పియానో. ఉత్త చెక్క మెట్లు. నొక్కితే టక్కుమంటాయి, అంతే. ఏడేళ్ళప్పట్నుంచీ దేశాలు పట్టి కచేరీలకి తిరుగుతూ, బండిలో దాని మీదే సాధన చేసేదట.

"చావు జరిగిన ఇంట్లో ఏడాదీ ఆరు వారాలూ సంగీతం వినపడకూడదట. అత్తగారు పియానోకి తాళం వేసి, తాళంచెవి జపమాలకి కట్టుకుంది," అంది హొనొరాతా. "కలరా కట్టడి ఎత్తేయగానే వియన్నాలో నా కచేరీ. ఇన్నాళ్ళూ నేను కట్టిన వరసలన్నీ మా ఆయన పేరుతో అచ్చయ్యాయి. ఇదొక్కటే నా పేరుతో వస్తోంది. దెయ్యాల భయంతో ఇటు ఎవరూ రారు కదాని... మూడు వారాలుగా రోజూ రాత్రి వస్తున్నా. ఎవరికీ చెప్పకే!"

పిన్ని అక్కడే కూలబడిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయితే అక్క కాదు! అక్క నిజంగానే పోయింది, చల్లగా పడుకుంది. మనసు దూదిపింజలా తేలికైపోయింది.

"మీ చేతులు చల్లగుండ! మా అక్కే పేటిక కొడుతోందని చచ్చేంత భయపడ్డానమ్మా. ఈ గోడ పక్కనే పూడ్చారు..."

హొనొరాతా నవ్వలేదు.

"ఎప్పుడు పూడ్చారు?"

"మొన్న. సోమవారం సాయంత్రం."

ఆమె పియానో మెట్ల మీంచి మెల్లగా చేతులు తీసేసింది.

"సోమవారం రాత్రి నుంచే... నేను ఆపినప్పుడల్లా కిందనుంచి ఎవరో తిరిగి కొడుతున్నారు. నేలమాళిగలో దూరిన పడవవాడెవడో నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నా. మొదటి రాత్రి గట్టిగా కొట్టాడు. నిన్న కాస్త తగ్గింది. ఇవాళ... చెవి ఒగ్గితే తప్ప వినపడలేదు."

ఆ ఇంటికి నేలమాళిగ లేదు.