మీట కుప్పంలో... ప్రాణం మదనపల్లెలో!

అమావాస్య మిట్టమధ్యాహ్నం! నీడలు కాళ్లకింద దాక్కుని, ప్రేతాలు నిర్భయంగా సంచరించే ఘడియ...

మదనపల్లె మీద కారుమేఘాలు కాటుకకొండల్లా కమ్ముకున్నాయి. పట్టపగలే వీధుల్లో చీకటి! ఎక్కడో హార్స్‌లీ కొండల మీద ఉరుము భీకరంగా గర్జించింది. ఎదురింటి పిట్టగోడ మీద వాలిన గుడ్లగూబ వేళ కాని వేళలో ఆగకుండా కూస్తోంది.

మేడమీది ఆఫీసుగదిలో ఒంటరిగా పనిచేసుకుంటున్న వసుధ, మౌస్ మీది కుడిచేయి తీయబోయింది.

రాలేదు!

ఎడమచేత్తో లాగాలనుకుంది. అదీ కీబోర్డు మీదే బిగుసుకుపోయింది. వేళ్లు తనవే... కానీ తన మాట వినడం లేదు!

వసుధది పుంగనూరు. తండ్రి లేని పిల్ల. తల్లి శాంతమ్మ పూలు కట్టి అమ్మి ఆమెను ఎం.సి.ఏ. చదివించింది. నిరుడు, రెండువేల ఏడులో, యువరాజ్ నడిపే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది. యువరాజ్ ఇల్లు కుప్పంలో. తాను అక్కడున్నా ఇక్కడి కంప్యూటర్‌ని ఫోనుతో నడిపించే ప్రోగ్రాము కావాలన్నాడు. వసుధ రాసిచ్చింది. అతను కుప్పంలో ఫోను మీట నొక్కగానే మదనపల్లెలో తెరమీద బాణం గుర్తు కదిలిన రోజున చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ దారివెంట ఏ పిశాచం రాబోతోందో పాపం, ఆమెకేం తెలుసు!

స్పీకర్లలోంచి బుసలాంటి గొంతు వినిపించింది.

"లేయొద్దు వసుధా... నేనే."

"సార్! నా చేతులు... నా చేతులు కదలడం లేదు సార్!"

"కదుల్తాయి. నేను కదిలిస్తే!"

మరుక్షణం ఆమె శరీరం లేచి నిలబడింది. కాళ్లు తలుపు దాకా నడిచాయి. చేయి గడియ పెట్టింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. లోపల వసుధ కేకలు పెడుతూనే ఉంది... పెదవులు మాత్రం కదల్లేదు!

తెరమీద కుప్పంలోని యువరాజ్ గది కనిపించింది. తను రాసిన ప్రోగ్రాముకి అలాంటి శక్తి లేదని ఆమెకు తెలుసు. అయినా కనిపిస్తోంది! బూడిదతో గీసిన యంత్రం... నడుమ కుంకుమ పూసిన కపాలం... దాని చుట్టూ నల్లదారం. ఆ దారంలో ముడివేసిన పొడవాటి తలవెంట్రుక. అది తనదే! ఎదురుగా కుడిచేత ఫోను పట్టుకుని, నుదుట రక్తతిలకంతో యువరాజ్!

"ఈ పుర్రెని గుర్తుపట్టలేవులే. నీకు ముందు ఆ కుర్చీలో పనిచేసిన ప్రీతి! పెండ్లికాని పిల్ల అని కాల్చకుండా పూడ్చిపెట్టినారు. నేను తవ్వి తెచ్చుకున్యా. దీనికి తోడు నీ ప్రాణం గూడా నా పిడికిట్లో పడితే నాకింక సావే లేదు!"

విషజ్వరంతో పోయిందని అందరూ చెప్పుకున్న గంగవరం ప్రీతి! వసుధ బలమంతా కూడదీసుకుని కాలితో కరెంటు తీగను తన్నింది. ప్లగ్గు ఊడి కిందపడింది. కంప్యూటర్ ఫ్యాను ఆగింది... తెర ఆరలేదు! మరింత ఎర్రగా మండింది!

యువరాజ్ వికటాట్టహాసం చేశాడు.

అంతలో తలుపు చప్పుడైంది. కింద కాపురముండే ఇంటి యజమానురాలు సిద్ధమ్మ. "పాపా! సంగటి సల్లారిపోతాండాది. దిగిరాలే?"

అవ్వా! అని అరవబోయింది వసుధ. ఆమె ఎడమచేయే లేచి ఆమె నోరు నొక్కేసింది! తర్వాత ఆ చేయి తొలగింది... ఆమె గొంతుతో ఇంకెవరో పలికారు.

"నాకు ఆకలి లేదు. మీరు వెళ్లండి."

 తర్వాత మెట్లు దిగుతున్న అడుగుల సవ్వడి. ఉన్న ఒక్క ఆశా దూరమైపోయింది. వసుధ కళ్లలో నీళ్లు ధారలు కట్టాయి.

"నీ ప్రాణం నా పిడికిట్లో పడేదానికి ఇంక ఒకే ఒక మీట మిగిలుండాది," అన్నాడు యువరాజ్. "దాన్ని నీ ఇష్టంతో నువ్వే నొక్కల్ల. అది నియమం. అందుకే నీ చూపుడువేలు వదుల్తాండా. నొక్కలేదో... పుంగనూర్లో మీ అమ్మ ఫోను మోగుతాది. ఎత్తిన మరుక్షణం నెత్తురు కక్కుకుంటాది!"

వేలికి ప్రాణం వచ్చింది. మెల్లగా మీట వైపు కదిలింది. అమ్మా... క్షమించమ్మా...

ఫెళ్లుమంది తలుపు!

రోకలిపోటుకి గడియ విరిగింది. గుమ్మంలో సిద్ధమ్మ... కాదు, సిద్ధమ్మ కాదు! విరబోసిన జుట్టు, నిప్పుకణికల్లాంటి కళ్లు, రొమ్ము మీద పసుపు! ఏటా జాతరలో ఆమె ఒంటిమీదికొచ్చే గంగమ్మతల్లి పిలవకుండానే వచ్చేసింది!

"నన్ను 'అవ్వా' అని తప్ప పిలవని బిడ్డ... 'మీరు' అనిందంటేనే తెలిసింది! ఎవుడ్రా నా బిడ్డ సెయ్యి పట్టింది?"

"నేను కుప్పంలో ఉండా ముసిల్దానా! ఈడికెట్ల వస్తావు?"

ఆమె వసుధ వైపు తిరిగింది. "పాపా! వాడొచ్చిన దారి యాడ? నువ్వు దారి సూపించు... నేను పోతా!"

వసుధ మనసులో మెరుపు మెరిసింది. ఆ దారి వేసింది తనే! పరీక్ష కోసం అందులో ఎదురుదారి కూడా పెట్టింది... కంప్యూటర్ చెప్పినట్టు ఫోను ఆడే దారి! స్వాధీనంలో ఉన్న ఒక్క వేలిని పక్కమీట మీదికి జరిపింది. ఊపిరి బిగబట్టి నొక్కింది!

పసుపంటిన అరచేతిని తెరకు ఆనించింది గంగమ్మతల్లి.

యువరాజ్ నవ్వు తెగిపోయింది. ఫోను విసిరెయ్యబోయాడు. అది అరచేతికి అతుక్కుపోయింది! అతని కాళ్లు వాటంతటవే నడిచి యంత్రం మధ్యలోకి వెళ్లాయి. ఎడమచేయి లేచి అతని గొంతునే పట్టుకుంది!

"తల్లీ! తప్పయిపొయ్యింది! వదిలెయ్!"

"ముందు ఆ బిడ్డల్ని వదలరా!"

అతని వేళ్లే నల్లదారాన్ని ముక్కలుముక్కలుగా తెంపాయి. కపాలంలోంచి నీలిజ్వాల ఎగసింది. అందులో ఒక ఆడపిల్ల ముఖం... ఏడాదిగా ఆపుకున్న ఆర్తనాదం! కుప్పం ఆకాశం చీలిపోయినట్టు పిడుగు పడింది. ఒక్క పెనుకేక... అంతే! తెర నల్లబడిపోయింది.

వసుధ చేతులు ఒళ్లోకి జారిపడ్డాయి. బయట కుండపోతగా వాన. వెంటనే తల్లికి ఫోను చేసింది.

"ఏం పాపా, ఈ యాళలో చేసినావు? అన్నం తిన్యావా?" అంది శాంతమ్మ.

వసుధ భోరుమంది. సిద్ధమ్మ, సొమ్మసిల్లి లేచిన సిద్ధమ్మ, ఏం జరిగిందో తెలియకనే ఆమె తలను ఒడిలోకి తీసుకుంది.

కుప్పంలో ఇరుగుపొరుగు తలుపు పగలగొట్టారు. బొగ్గయిన దేహం, అరచేతిలో కరిగి గడ్డకట్టిన ఫోను... చెక్కుచెదరకుండా కపాలం. పోలీసుల విచారణ ముగిశాక దాన్ని గంగవరానికి తెచ్చారు. వసుధ కూడా వెళ్లింది.

ప్రీతి తల్లి మునిలక్ష్మి ఏడవలేదు. తన పాతచీర చెరుగు చించి, పసిబిడ్డకు చుట్టినట్టు కపాలానికి చుట్టింది. గుంతలోకి దిగి తన చేతులతో పడుకోబెట్టింది. నీళ్లు చిలకరించి మెల్లగా చెప్పింది...

"ఇంక నిన్నెవురూ పనికి లేపరు. నిద్దరపో తల్లీ."